అప్‌గ్రేడాయ నమః

ఇంట్లో నిక్షేపంగా పనిచేస్తున్న వస్తువు మీద మామూలుగా ఇరుగుపొరుగుల కన్ను పడుతుంది. డీటీహెచ్ పెట్టె మీద మాత్రం దాన్ని మనకు అంటగట్టిన కంపెనీ కన్నే పడుతుంది. సాయంత్రం సీరియల్లో అత్తగారు కోడలి పాలగ్లాసులో ఏదో కలుపుతూ ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తున్న ఆ గ్లాసు మీదికే సరిగ్గా ఒక నీలం అట్ట వచ్చి నిలబడుతుంది: ‘ప్రియమైన కస్టమర్, మీ సెట్ టాప్ బాక్స్ పాతదైపోయింది. అంతరాయం లేని వినోదం కోసం ఈరోజే అప్‌గ్రేడ్ చేసుకోండి.’ ఆ పూటకి ఆ ఇంటి వినోదానికి కలిగిన అంతరాయం ఆ అట్ట ఒక్కటే. పైగా ఈ పెట్టె ఇక పనికిరాదన్న కబురును రంగు చెదరకుండా, అక్షరం వంకర పోకుండా, ముత్యాల్లాంటి రాతతో తెర మీదికి మోసుకొచ్చింది ఎవరయ్యా అంటే, ఆ పనికిరాని పెట్టే.

దీనికి వచ్చిన జబ్బేమిటో కస్టమర్ కేర్‌ని అడిగి చూడండి. రీఛార్జికి ఒకటి నొక్కమంటారు, అప్‌గ్రేడ్‌కి రెండు నొక్కమంటారు, ఫిర్యాదైతే లైన్లో ఉండమంటారు. ఉండగా ఉండగా, కంపెనీ వారి పాట మనకు కంఠతా వచ్చేశాక, తియ్యటి గొంతు ఒకటి పలుకుతుంది.

‘‘మీది ఓల్డ్ టెక్నాలజీ సార్.’’

‘‘బొమ్మ బాగానే వస్తోంది కదమ్మా?’’

‘‘వస్తుంది సార్. కానీ ఎక్స్‌పీరియన్స్ బాగుండదు సార్.’’

‘‘ఎవరికి?’’

‘‘బాక్స్ ఫ్రీ సార్!’’

ఈ ఫ్రీ అనే మహానుభావుడు ఎప్పుడూ ఒంటరిగా ప్రయాణం చేయడు. వెనకాలే యాక్టివేషన్ ఛార్జీ వస్తుంది. ఇన్‌స్టలేషన్ ఛార్జీ వస్తుంది. మేడ మెట్లెక్కినందుకు విజిటింగ్ ఛార్జీ వస్తుంది. పాత వైరు కొత్త పెట్టెకి సరిపడదు గనుక మీటరుకింతని వైరు వస్తుంది. అందరి వెనకా, ఎవరు పిలిచినా పిలవకపోయినా వచ్చే పెద్దమనిషి, పద్దెనిమిది శాతం జీఎస్టీ వారు విచ్చేస్తారు. వీరందరికీ పీటలు వేసి వడ్డించాక లెక్క చూసుకుంటే, నిజంగానే అందులో పెట్టెకంటూ ఒక్క రూపాయి కూడా పడి ఉండదు. కంపెనీ వారు అబద్ధమాడరు.

ఇంతకీ జబ్బు పెట్టెకి కాదు. పైన ఆకాశంలో కంపెనీ కడుతున్న అద్దెకి. ఉపగ్రహం మీద ట్రాన్స్‌పాండర్ అనేది అద్దెకిచ్చే చోటు. బొమ్మల్ని ఎంపెగ్-2 పద్ధతిలో కుదిస్తే అందులో కొన్నే ఛానళ్లు పడతాయి. ఎంపెగ్-4లో కుదిస్తే దాదాపు రెట్టింపు పడతాయి. ప్రసార పద్ధతిని డీవీబీ-ఎస్ నుంచి డీవీబీ-ఎస్2కి మార్చుకుంటే ఇంకాస్త చోటు కలిసొస్తుంది. ఇంజనీరింగ్ వరకూ చూస్తే మంచి పనే, ఎవరూ తప్పు పట్టక్కర్లేదు. అయితే అక్కడ కుదించినదాన్ని ఇక్కడ విప్పాల్సింది మన ఇంట్లో ఉన్న చిప్పు. దానికి ఎంపెగ్-2 తప్ప మరోటి నేర్పలేదు. ఇల్లుగలాయన గదికి మధ్యలో అడ్డుగోడ కట్టించి ఇంకో కాపురానికి అద్దెకిచ్చుకుని, ఆ గోడకైన ఇటుకల ఖర్చు లోపలున్న పాత కాపురం దగ్గర వసూలు చేసి, ‘మీ గది అప్‌గ్రేడ్ అయింది, అభినందనలు’ అని తలుపు మీద కాగితం అంటించి పోతే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. మిగిలిన చోటు వారిది, పగిలిన జేబు మనది.

పోనీ ఈ ఎంపెగ్-4 మొన్నీమధ్య హఠాత్తుగా పుట్టుకొచ్చిందా అంటే అదీ కాదు. దాని వీడియో ప్రమాణం 2003లోనే ఖరారైంది. డీవీబీ-ఎస్2 2005లో వచ్చింది. డిష్ టీవీ 2003లో దుకాణం తెరిచింది, దూరదర్శన్ వారి డీడీ డైరెక్ట్ ప్లస్ 2004 డిసెంబరులో, టాటా స్కై 2006 ఆగస్టులో వచ్చాయి. ముగ్గురూ ఎంపెగ్-2 పెట్టెలే పంచారు. అప్పట్లో కొత్త చిప్పు ఖరీదెక్కువ, కాదనను. కానీ వాళ్ల తర్వాత వచ్చిన సన్ డైరెక్ట్ మొదటి రోజు నుంచే ఎంపెగ్-4 పెట్టెలిచ్చింది కదా. అంటే రేపు మారుతుందని తెలిసిన పెట్టెనే నిన్న అమ్మారు. వెనకటికి అల్లుడికి ముసలి ఎద్దును కట్నంగా ఇచ్చిన మామగారు కూడా ‘దీని పళ్లు చూడకు బాబూ’ అని ముందే చెప్పాడట. వీళ్లు ఆ మాత్రం మర్యాద కూడా పాటించలేదు.

ఎంపెగ్ దీక్ష ముగిశాక హెచ్‌డీ ఉపనయనం. దీనికి పురోహితుడు టెక్నీషియన్ కుర్రాడు. పాపం అతని మీద నాకు కోపం లేదు. రోజుకిన్ని ఇళ్లని లెక్క, ఎక్కాల్సిన మేడలు చాలా, పెట్రోలు తన జేబులోంచే. వాడు వచ్చి, కొత్త హెచ్‌డీ పెట్టెను కొత్త హెచ్‌డీ టీవీకి ఎరుపు, పసుపు, తెలుపు మొనలున్న పాత మూడు రంగుల వైరుతో కలిపి, ‘‘క్లారిటీ చూశారా బాబాయ్‌గారూ, అద్దం!’’ అని వెళ్లిపోతాడు. ఆ పసుపు మొనలోంచి హెచ్‌డీ చచ్చినా పారదు. పారాలంటే హెచ్‌డీఎంఐ వైరు కావాలి. అది పెట్టెతో ఇస్తే వాడి సంచిలో ఉంటుంది, ఇవ్వకపోతే బజార్లో ఉంటుంది. తెలుగునేల మీద ఎన్ని డ్రాయింగు రూముల్లో హెచ్‌డీకి నెలనెలా డబ్బు కట్టి, మూడు రంగుల వైరులోంచి మామూలు బొమ్మ చూస్తూ, ‘ఎంతైనా హెచ్‌డీ హెచ్‌డీయే’ అని చుట్టాలకి చూపించి మురిసిపోతున్నారో ఆ వెంకన్నకే ఎరుక.

వైరు సరిగ్గా కుదిరిన అదృష్టవంతులకు ఇంకో ప్రసాదం ఉంది. నలభై ఏళ్ల నాటి సినిమాను హెచ్‌డీ ఛానల్లో వేస్తారు. ఆ సినిమా చదరపు తెర కోసం చేసిన పాత టేపులోంచి వచ్చింది. కొత్త తెర అడ్డంగా పొడుగు. నిండాలి కదా, లాగుతారు. అక్కినేని నాగేశ్వరరావు గారంతటి సన్నని మనిషికి కూడా భుజాలు బారెడు పెరుగుతాయి. ఆయన పక్కన హీరోయిన్ పరిస్థితి నేను రాయను, ఆడకూతురు. ఈ సాగదీతని కూడా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019 నాటి నిబంధనల ప్రకారం రెండు ఛానళ్ల కింద లెక్కేశారు. ఒక హెచ్‌డీ ఛానల్ అంటే రెండు మామూలు ఛానళ్లతో సమానమట. హీరోగారు రెండింతలైనందుకేమో.

4కె సంగతి ఎక్కువ చెప్పి లాభం లేదు, చెప్పడానికి అందులో ఏమీ లేదు గనక. క్రికెట్ ప్రపంచకప్ ఏడాది 2015లో వీడియోకాన్ డీ2హెచ్, టాటా స్కై 4కె పెట్టెలు తెచ్చాయి. ఆ తర్వాత ఒక కంపెనీ 2018లో డిష్ టీవీలో కలిసిపోయింది, ఇంకోదాని పేరు 2022లో టాటా ప్లే అయింది. పెట్టె కొన్నవాళ్లు మాత్రం తెలుగు సీరియల్ 4కెలో ఎప్పుడొస్తుందా అని ఆ పెట్టెకి ఎదురుగా కూర్చునే ఉన్నారు.

రికార్డర్ పెట్టె కథ వేరు. అది నవ్వించదు. చూడలేకపోయిన కార్యక్రమాన్ని పెట్టెలో దాచుకోవచ్చని ఎగబడి కొన్నారు జనం. మనవరాలు పాటల పోటీలో పాడిన ఎపిసోడు, మూడు నిమిషాలే, తాతగారు భద్రంగా దాచుకున్నారు. అప్‌గ్రేడ్ రోజున కుర్రాడు పాత పెట్టె తీసి సంచిలో వేసుకుంటున్నాడు. ‘‘బాబూ, అందులో మా పాప పాట ఉంది.’’ ‘‘రాదండి తాతగారూ.’’ ‘‘పెన్‌డ్రైవులోకి ఎక్కించివ్వు.’’ ‘‘ఎక్కదండి. ఆ పెట్టెకే లాక్ ఉంటది.’’ నిజమే. రికార్డింగు అంతా ఆ పెట్టె తాళంతో ఉంటుంది, వేరే పెట్టెలో పెట్టినా, కంప్యూటరుకి తగిలించినా తెరుచుకోదు. సినిమా నిర్మాతల హక్కులు కాపాడటానికట. మూడు నిమిషాల మనవరాలి పాటను దొంగ ప్రింటు వేసి తాతగారు విదేశాల్లో విడుదల చేస్తారని కంపెనీ భయం.

ఇక వాన. తెలుగువాడి డీటీహెచ్ జీవితంలో సగం వానాకాలమే. నైరుతి పోగానే ఈశాన్యం, మధ్యలో అల్పపీడనం, అది వాయుగుండం, ఆపైన తుపాను. చినుకు పడుతుంది, బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది, తుపాను ఎక్కడ తీరం దాటుతోందో చెప్పబోతున్న న్యూస్ రీడర్ నోరు తెరిచి అలాగే నిలబడిపోతుంది. ఫోన్ చేస్తే సమాధానం సిద్ధంగా ఉంది. ‘‘మీ బాక్స్ అప్‌గ్రేడ్ చేసుకోండి సార్.’’ వానకి పెట్టె మందు! డీటీహెచ్ సిగ్నల్ వచ్చేది కేయూ బ్యాండ్‌లో, పది పన్నెండు గిగాహెర్ట్జ్‌ల దగ్గర. దాదాపు 36 వేల కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా దిగివచ్చిన ఆ అల, చివరి నాలుగైదు కిలోమీటర్లలో మన మబ్బు కింద దొరికిపోతుంది. ఆ పౌనఃపున్యంలో వానచినుకులు అలను పీల్చేస్తాయి, చెదరగొట్టేస్తాయి. హాల్లో టీవీ కింద వెచ్చగా కూర్చున్న పెట్టె, మేడ మీద డిష్షుకి అందని సిగ్నల్‌ని ఎక్కణ్ణుంచి తెస్తుంది? అందుకే కేబుల్ వాళ్లు సీ బ్యాండ్‌కి మంచమంత డిష్షులు బిగించుకునేవాళ్లు. ఆ బ్యాండ్‌కి వాన పెద్ద లెక్క కాదు.

దీనికి నిజమైన మందు ఒకటుంది. అరవై సెంటీమీటర్ల పళ్లెం స్థానంలో కొంచెం పెద్ద పళ్లెం బిగించడం. కుంభవృష్టికి ఏదీ ఆగదు గాని, ఓ మోస్తరు వానకి బొమ్మ నిలబడుతుంది. పెద్ద డిష్షుకి అప్‌గ్రేడ్ అవ్వండని ఏ కంపెనీ అయినా తెర మీద అట్ట పెట్టడం ఎవరైనా చూశారా? పెట్టరు. ఇనప పళ్లేనికి నెలనెలా రీఛార్జి ఉండదు. దానికి సాఫ్ట్‌వేర్ ఉండదు, పాతబడదు, అందులో చిప్పు లేదు, రంగు పోతే పోనీ అంటూ ఇరవై ఏళ్లు మేడ మీద పడి ఉంటుంది. వ్యాపారానికి ఇంతకన్నా అప్రయోజకమైన వస్తువు లేదు.

మన ఊళ్లలో ఉపగ్రహ టీవీ ఇలా మొదలవలేదు. 1975 ఆగస్టు 1న సైట్ అనే ప్రయోగం మొదలైంది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించారు. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. ఇస్రో ఇంజనీర్లు అప్పుడు డిష్షును దేనితో చేశారో తెలుసా? కోళ్ల గూటికి వాడే ఇనప వలతో. పదడుగుల వ్యాసం. దుమ్ము, ఎండ, పల్లెటూరి కరెంటు, వీటికి తట్టుకోవాలని ఆలోచించి చేసిన సెట్టు. చెడితే బాగుచేయడానికి మనుషులు జీపుల్లో తిరిగేవారు. పంచాయతీ దగ్గర ఊరంతా కూర్చుని పంటల గురించి, పిల్లల ఆరోగ్యం గురించి చూశారు. 1976 జూలై 31తో ఏడాది అయిపోయింది, అమెరికా వారు ఉపగ్రహాన్ని పక్కకు తీసుకుపోయారు, తెర నల్లబడింది. అదీ బాధే. కానీ పోయింది ఉపగ్రహం. ఆ పోవడానికి పల్లెటూరివాడి దగ్గర యాక్టివేషన్ ఛార్జీ ఎవరూ అడగలేదు. ఇవాళ్టి పెట్టెకి స్క్రూ విప్పితే చాలు, వారంటీ చెల్లదన్న చీటీ చిరుగుతుంది. లోపలేముందో చూసే హక్కు కొన్నవాడికి లేదు.

ఆ తర్వాత సర్కారు 1997లో కేయూ బ్యాండ్ డీటీహెచ్‌ని నిషేధించింది. విదేశీ సంస్కృతి ఇంటి కప్పు మీద వాలిపోతుందని ఢిల్లీకి దడ. 2000 నవంబరులో దడ తగ్గింది, అనుమతి వచ్చింది. సంస్కృతి సంగతి నాకు తెలియదు గాని, కప్పు మీద వాలినది బిల్లు.

న్యాయం కోసం ఒక మాట ఒప్పుకోవాలి. ఒక్కసారి మాత్రం తప్పు నిజంగా ఆకాశానిదే. 2010 జూలైలో ఇన్‌శాట్-4బీ ఉపగ్రహానికి కరెంటు సరఫరాలో లోపం వచ్చి సగం ట్రాన్స్‌పాండర్లు మూగబోయాయి. దాని మీద ఆధారపడిన సన్ డైరెక్ట్ ప్రసారాలు మలేషియా వారి మీశాట్-3 మీదికి మారాయి. అది ఆకాశంలో 93.5 డిగ్రీల దగ్గర, ఇది 91.5 దగ్గర. ఆ రెండు డిగ్రీల కోసం దక్షిణాదిలో ఇల్లిల్లూ తిరిగి డిష్షు మెడ కాస్త తిప్పాల్సి వచ్చింది. కుర్రాడు మేడ మీద, ఆవిడ వాకిట్లో, పెద్దాయన టీవీ ముందు. ‘వచ్చిందా?’ ‘రాలేదు!’ ‘ఇప్పుడు?’ ‘పోయింది!’ వీధి వీధంతా ఈ కేకలే. కొత్త పెట్టె అక్కర్లేకుండా, ఒక స్పానరుతో ముగిసిపోయిన ఆ సంక్షోభాన్ని తలుచుకుంటే వ్యాపారులకి ఇప్పటికీ గుండె తరుక్కుపోతూ ఉండాలి.

అసలు రంధ్రం పెట్టె వెనకాల ఉంది. డీటీహెచ్ లైసెన్సు షరతులు రాసినప్పుడే కేంద్రం ఒక ముక్క చేర్చింది. పెట్టె ఏ ఒక్క కంపెనీ సొంత కట్టడంగానూ ఉండకూడదు, ఒకరి పెట్టె మరొకరి ప్రసారాలకు పనికిరావాలి. చదవడానికి ఎంత చల్లగా ఉంది! అమలు ఎలా జరిగిందంటే, పెట్టెకి ఒక చీలిక పెట్టారు. ఆ చీలికలో క్యామ్ అనే కార్డు దూరిస్తే వేరే కంపెనీ ఛానళ్లు వస్తాయి. చీలిక ఉంది కాబట్టి షరతు నెరవేరింది. ఆ కార్డు ఏ దుకాణంలో దొరుకుతుంది? దొరకదు. దొరికినా కొత్త పెట్టె దాని కంటే చవక. దర్వాజా పెట్టించాం, తాళంచెవి మాత్రం అడక్కండి అన్నారు.

ట్రాయ్ ఊరుకోలేదు, దాని ధర్మం అది చేసింది. 2020 ఏప్రిల్‌లో సిఫార్సు పంపింది: అన్ని పెట్టెలూ ఒకదాని బదులు ఒకటి పనిచేసేలా ఉండాలి, అందుకు లైసెన్సు షరతులు మార్చాలి, కంపెనీలకు ఆరు నెలల గడువిస్తే చాలు. ఆ ఆరు నెలల్లో మొదటి నెల ఇంకా రాలేదు. సెల్‌ఫోన్ నంబరును ఎటు కావాలంటే అటు పట్టుకుపోయే సౌకర్యం దేశమంతటా 2011 జనవరిలో వచ్చేసింది. పది అంకెలు కంపెనీ మారగలవు. అరచెయ్యి వెడల్పు ప్లాస్టిక్ పెట్టె మారలేదు. ఎందుకు మారలేదో చెప్పడానికి అందరి దగ్గరా గొప్ప గొప్ప కారణాలున్నాయి. ఒక్కో కంపెనీది ఒక్కో రహస్య సంకేతం, ఒక్కో సాఫ్ట్‌వేర్, పైరసీ ప్రమాదం. కొంత నిజమే కూడా. కానీ ఎన్ని కష్టాలున్నా, మన దగ్గర వసూలు చేసే పద్ధతిలో మాత్రం అన్ని కంపెనీలకీ ఎంత చక్కటి పొత్తు కుదిరిందో చూడండి.

దీంతో కంపెనీ మారిన ప్రతిసారీ ఒక పెట్టె అటకెక్కుతుంది. మా పక్కింట్లో రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉన్నారు. వారి అటక ఒక పురావస్తు శాల. ఎంపెగ్-2 పొరలో ఒకటి, దాని మీద దుమ్ము, ఎంపెగ్-4 పొర, దుమ్ము, హెచ్‌డీ పొర. ఒక్కొక్కదానికీ ఒక్కో రిమోటు, బ్యాటరీలు కారి పచ్చగా పూచినవి. వాటిని ఏం చేయాలని ఆయన ఒక కంపెనీకి ఫోన్ చేశారు. అవి ‘‘మీ ప్రాపర్టీ సార్’’ అన్నారు. సంతోషించి పాత ఇనప సామాన్లవాడికి వేయబోతే, ఇంకో కంపెనీ వారు, కనెక్షన్ ఆపేశారు కాబట్టి ‘‘బాక్స్ మా ప్రాపర్టీ సార్, రిటర్న్ చేయాలి’’ అన్నారు. కొనుక్కోవచ్చు, వాయిదాల మీద తీసుకోవచ్చు, అద్దెకి తీసుకోవచ్చు అని నిబంధనల్లో దారులన్నీ రాసే ఉన్నాయి. మనం ఏ దారిన వచ్చామో మాత్రం రసీదు చూస్తే తెలియదు. మాస్టారు దీన్ని సూత్రీకరించారు. పెట్టె పనిచేస్తున్నంతకాలం కంపెనీది, పాడైన మరుక్షణం నుంచి మనది.

నెలవారీ చందా లెక్క కూడా ఆయనే నాకు విప్పి చెప్పారు. 2019 ఫిబ్రవరిలో కొత్త పద్ధతి వచ్చింది, చూసే ఛానళ్లకే డబ్బు కట్టమన్నారు. కానీ ఏ ఛానలూ ఎంచుకోకముందే కట్టేది ఒకటుండేది, నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, పన్నుతో 153.40. ‘‘అంటే హోటల్‌కి వెళ్లి కుర్చీలో కూర్చున్నందుకు 153, ఇడ్లీ ధర వేరే’’ అన్నారు మాస్టారు. 2024 జూలైలో ఆ రుసుముకున్న గరిష్ఠ పరిమితి కూడా ఎత్తేసి, ధర కంపెనీల ఇష్టానికే వదిలేశారు. కుర్చీకి మెత్త వేస్తారు కాబోలు.

చివరి అవతారం ఆండ్రాయిడ్ పెట్టె. ఇది డిష్షుతోనూ వస్తుంది, ఇంటర్నెట్‌తోనూ వస్తుంది, మాట వినే రిమోటుతో వస్తుంది. ఆ రిమోటు మీద అంకెలకంటే ఓటీటీ కంపెనీల గుర్తులే ముందు కనిపిస్తాయి. పెద్దావిడ తెల్లారుజామున శ్రీవారి సుప్రభాతం కోసం ఎస్‌వీబీసీ నొక్కబోతే వేలు జారి హత్యల సిరీస్ మొదలవుతుంది. మైకు గుర్తు నొక్కి నోటితో చెప్పమన్నారు కదా అని ‘‘నాయనా, వెంకటేశ్వరస్వామి ఛానల్ పెట్టు’’ అంటుంది. అది వెంకటేష్ సినిమాలన్నీ వరసగా పేరుస్తుంది. ఒక్కోసారి వార్తల మధ్యలో ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవుతోంది, ఆఫ్ చేయకండి’ అని గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. మూడు నాలుగేళ్లు తిరిగాక అప్‌డేట్లు ఇవ్వడం మానేస్తారు. అప్పుడు ఆ యాప్‌లు ఒకటొకటే ‘ఈ పరికరంలో పనిచేయను’ అని రాజీనామా ఇస్తాయి. మళ్లీ నీలం అట్ట.

ఇందులో పసందైన మలుపు ఒకటుంది. ఇంట్లో ఇంటర్నెట్ ఉంటే తప్ప ఈ పెట్టె పూర్తిగా పనిచేయదు. ఇంటర్నెట్ ఉన్నవాడికి ఇవన్నీ స్మార్ట్ టీవీలోనే వస్తాయి, పెట్టెతో పని లేదు. అంటే కంపెనీ తన ఖర్చుతో, సారీ, మన ఖర్చుతో, తన అవసరం లేదని మనకు పాఠం చెప్పింది. జనం పాఠం బాగా నేర్చుకున్నారు. ట్రాయ్ లెక్కల్లో 2024 మార్చికి సుమారు 6.2 కోట్లున్న డీటీహెచ్ చందాదారులు 2025 మార్చికి సుమారు 5.7 కోట్లకి దిగారు. ఇన్ని అప్‌గ్రేడ్‌లు చేసిచేసి కంపెనీలు చివరికి కస్టమర్లనే అప్‌గ్రేడ్ చేసి పంపించేశాయి.

పేదవాడి దిక్కు డీడీ ఫ్రీ డిష్ అంటారా? నెల చందా లేదు, ఆ మేరకు దణ్ణం పెట్టాల్సిందే. కానీ అక్కడా వర్ణవ్యవస్థ ఉంది. ఎంపెగ్-2 ఛానళ్లు కొన్ని, ఎంపెగ్-4 ఛానళ్లు కొన్ని. పాత పెట్టెవాడికి రెండో రకం కనబడవు. కావాలంటే ఇంకో పెట్టె. ఈ గొడవంతా ఎందుకు, డిష్షు వైరు నేరుగా టీవీకే తగిలించుకునేలా, లోపలే ట్యూనర్ పెట్టి టీవీలు చేయండని ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఒక ప్రమాణం తయారుచేసింది. ఐఎస్ 18112:2022. పెట్టె లేకుండానే ఉచిత ఛానళ్లు చూడొచ్చు. ప్రమాణం చక్కగా అచ్చయింది, దాని మీద నంబరు కూడా ఉంది. మీ వీధి చివర టీవీ షోరూముకి వెళ్లి ఆ నంబరు చెప్పి చూడండి. సేల్స్ కుర్రాడు మిమ్మల్ని ఆప్యాయంగా సోఫాలో కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాడు.

మొన్న నీలం అట్ట మాస్టారి ఇంట్లో కూడా వెలిసింది. కొత్త పెట్టెకి అన్నీ కలిపి రెండు వేలకి పైచిలుకు అన్నారు. ఆయన అటక వైపోసారి చూసి, ఫోన్ తీసి, ఈసారి రెండు నొక్కకుండా లైన్లోనే ఉండి, ‘‘కనెక్షన్ తీసేయండమ్మా’’ అన్నారు. అవతల గొంతు మారింది. ఫోన్ ఇంకొకరికి బదిలీ అయింది. ఆ గొంతు ఇంకా తియ్యన.

‘‘ఇన్నేళ్ల కస్టమర్ సార్ మీరు. ఎందుకు సార్ వెళ్లిపోతున్నారు?’’

‘‘పెట్టె పాతదైపోయిందట కదమ్మా, మీరే చెప్పారు.’’

‘‘కొత్త హెచ్‌డీ బాక్స్ పంపిస్తాం సార్. పూర్తిగా ఫ్రీ.’’

‘‘యాక్టివేషన్?’’

‘‘ఫ్రీ సార్.’’

‘‘ఇన్‌స్టలేషన్, విజిటింగు, వైరు?’’

‘‘అన్నీ మేమే సార్. ఒక నెల ప్యాక్ కూడా ఇస్తాం.’’

‘‘జీఎస్టీ?’’

కాసేపు నిశ్శబ్దం. ‘‘...మేనేజర్‌తో మాట్లాడి అది కూడా చూస్తాం సార్.’’

మాస్టారు నోటుపుస్తకం తెరిచి ఉండమన్నవాడికి రెండు వేలు, పోతానన్నవాడికి సున్నా అని రాసి, కింద గీత గీశారు. సాయంత్రానికల్లా సంగతి వీధంతా పాకింది. ఇప్పుడు ఎవరు ఏ నెలలో పోతానని బెదిరించాలో ఆయన దగ్గర ఒక పట్టిక ఉంది, అందరూ ఒకేసారి చేస్తే కంపెనీ పసిగడుతుందని. వచ్చే నెల పోస్టాఫీసు పక్కింటివాళ్ల వంతు. వాళ్లావిడకి ఫోన్లో గట్టిగా మాట్లాడటం రాదట, మాస్టారు సాయంత్రాలు ట్యూషన్ చెబుతున్నారు.